బిడ్డ దగ్గరికే స్కాన్ రావాలి

వెంటిలేటర్ మీద ఉన్న మూడేళ్ల బిడ్డను ఎంఆర్‌ఐ గదికి తరలించడం మామూలు పని కాదు. గొంతులోని ట్యూబును ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు అంబు బ్యాగ్ నొక్కుతూ నడవాలి, మందు ఎక్కించే సిరంజి పంపులన్నీ మంచంతో పాటే కదలాలి. తల కాస్త వాలినా ట్యూబు చోటు మారొచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే, ఎవరి మెదడును వెంటనే చూడాలో ఆ బిడ్డలకే స్కాన్ ‘కాస్త కుదురుకున్నాక’ అంటూ వాయిదా పడుతుంది. మంచం దగ్గరికే వచ్చే చిన్న ఎంఆర్‌ఐ పిల్లల ఐసీయూలకు అవసరమని నేను వాదించేది ఇందుకే. ఈ తరహా యంత్రానికి 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. దాని అయస్కాంత శక్తి 0.064 టెస్లా. మామూలు ఎంఆర్‌ఐది 1.5 లేదా 3 టెస్లాలు. గోడకున్న మామూలు ప్లగ్గే దీనికి చాలు, ప్రత్యేక గది అక్కర్లేదు.

బొమ్మ మసకగా వస్తుందన్నది మొదటి అభ్యంతరం. నిజమే. కానీ ఐసీయూ డాక్టరు ముందున్న ప్రశ్న ఏమిటి? మెదడు వాచిందా, రక్తం చేరిందా, నీరు నిండిందా? మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రి అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మెదడుకు పాకిన మలేరియాతో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో దశాబ్దాల పాటు తేలలేదు. అక్కడ పెట్టిన 0.35 టెస్లా యంత్రం ఆ చిక్కుముడి విప్పింది. 2015లో వెలువడిన ఆ అధ్యయనంలో 168 మంది పిల్లలున్నారు. చనిపోయిన 25 మందిలో 21 మందికి మెదడు తీవ్రంగా వాచి ఉంది. బతికిన 143 మందిలో ఆ వాపు కనిపించింది 39 మందికే, మళ్లీ మళ్లీ తీసిన స్కాన్లలో అది తగ్గుతూ వచ్చింది కూడా. అది మంచం పక్కకు వచ్చే యంత్రం కాదు, శక్తిలోనూ దీనికంటే పెద్దదే. అయినా, పెద్ద ప్రశ్నకు బదులు రావడానికి ఎక్కువ టెస్లాలు అక్కర్లేదనీ, ఒక్క స్కాన్ కంటే వరస స్కాన్లు ఎక్కువ చెబుతాయనీ అది రుజువు చేసింది.

సీటీ ఉందిగా అంటారు. ఉంది, త్వరగానూ అయిపోతుంది. కానీ పసి మెదడు మీద మాటిమాటికీ రేడియేషన్ పడనివ్వలేం. మాడు పూడని పసికందులకు అల్ట్రాసౌండ్ పనికొస్తుంది, పూడిన తర్వాత ఆ కిటికీ మూసుకుపోతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టే అభ్యంతరం వేరు. చిన్న పక్షవాత మచ్చలు ఈ యంత్రానికి దొరక్కపోవచ్చు. అప్పుడు ‘నార్మల్’ అన్న రిపోర్టే బిడ్డకు ప్రమాదం. పైగా పిల్లల మీద ఇప్పటిదాకా వచ్చిన నివేదికలు చాలావరకు చిన్న బృందాలవే. కాబట్టి ఇందులో కనిపించినదాన్ని నమ్మి చికిత్స మొదలుపెట్టొచ్చు గానీ, కనిపించలేదు కదా అని నిశ్చింతగా కూర్చోకూడదు. రిపోర్టు బాగుండి కూడా బిడ్డకు స్పృహ రాకపోతే, తరలించగలిగిన మొదటి గంటలోనే పెద్ద ఎంఆర్‌ఐ తీయాలి. ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పుడో ముందే కేస్ షీటులో రాసి ఉండాలి.