టికెట్ సరే, మెట్టు మాటేమిటి?

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఏపీలో అరవై దాటిన పెద్దలకు టికెట్‌లో 25 శాతం రాయితీ అంతకుముందు నుంచే ఉంది. మంచి పనులు, కాదనను. కానీ పల్లెవెలుగు ఎక్కే ముసలావిడను ఒక్కసారి గమనించండి. బస్సు స్టాపు దాటి నాలుగు గజాలు ముందుకెళ్లి రోడ్డు మధ్యలో ఆగుతుంది. సంచి చంకన పెట్టుకుని ఆవిడ పరుగులాంటి నడకతో వస్తుంది. మొదటి మెట్టు ఆవిడ మోకాలంత ఎత్తు. ముందు సంచి లోపల పెట్టి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, నొప్పి లేని కాలు పైకెత్తి, వెనకనుంచి ఎవరైనా ఆసరా ఇస్తారా అని చూస్తుంది. ‘‘తొందరగా ఎక్కమ్మా’’ అని కండక్టరు. ఆయనకు టైము ఒత్తిడి; తప్పు మెట్టుది.

పెద్దల సంక్షేమం అనగానే మనవాళ్లు పింఛను, వృద్ధాశ్రమం దగ్గర ఆగిపోతారు. ఈ రెంటికీ మధ్య ఒక వీధి ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనువైన నగరాలపై మార్గదర్శిని తెచ్చినప్పుడు ఎనిమిది అంశాల్లో ముందు చెప్పినవి బహిరంగ స్థలాలు, రవాణా. అదే ఏడాది మన పార్లమెంటు వయోవృద్ధుల పోషణ చట్టం చేసి బిడ్డల బాధ్యతను గట్టిగా గుర్తుచేసింది. ఊరి బాధ్యత సంగతి?

ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదని, అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. మన ఊళ్లలో అది అడుగెత్తున లేస్తుంది, ప్రతి గేటు ముందూ తెగిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డొస్తుంది. పెద్దాయన దిగి లారీల పక్కన నడుస్తాడు. అలిసి కూర్చుందామంటే ఒకప్పటి వీధి అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి. ఇక మరుగుదొడ్డి దొరకదన్న భయంతో బయల్దేరే ముందు మంచినీళ్లు కూడా తాగని అమ్మమ్మలు ఎందరో.

2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. లోఫ్లోర్ బస్సులు హైదరాబాద్‌లో తిరగడం చూశాం కాబట్టి సాధ్యం కాదనడానికి లేదు. అవి మన ఊరికి వచ్చేలోగా, బస్సును స్టాపు దగ్గరే, అంచుకు ఆనించి ఆపడానికి పైసా ఖర్చు లేదు. మీ డిపో మేనేజరుకు ఈ వారమే ఒక అర్జీ రాయండి. స్టాపులో వీపు ఆనించుకునే బెంచీ, నీడ, మరుగుదొడ్డి కావాలని మున్సిపాలిటీకి ఇంకొకటి. రెంటి మీదా మొదటి సంతకం మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత పెట్టించండి.