ఒక వస్త్రానికి ఎన్ని జన్మలు?

బుద్ధుని ప్రియశిష్యుడైన ఆనందునికి కౌశాంబి రాజు ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఒకసారి ఐదువందల వస్త్రాలు దానం చేశారు. ఆ మాట చెవిని పడగానే రాజు నొచ్చుకున్నాడు. సర్వసంగ పరిత్యాగికి ఇన్ని బట్టలెందుకు? వస్త్రవ్యాపారం చేస్తాడా, అంగడి తెరుస్తాడా అని శంకించి, నేరుగా ఆనందుని వద్దకే వెళ్ళి అడిగాడు. చీవరాలు చిరిగిపోయిన భిక్షువులకు వీటిని పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగిన చీవరాలను ఏం చేస్తారన్నాడు రాజు. అవి పడకమీద దుప్పట్లవుతాయి. దుప్పట్లు పాతబడితే పరుపు గలీబులవుతాయి. గలీబులు పాతబడితే నేలమీద పరుపులవుతాయి. అవి కాళ్ళు తుడుచుకొనే పట్టాలుగాను, ఆ పట్టాలు దుమ్ము దులిపే గుడ్డలుగాను మారతాయి. చివరికి ఆ గుడ్డలు కూడా పీలికలైతే ముక్కలు చేసి, మట్టిలో కలిపి, నేల అలుకుతారు. ఏ ఒక్క నూలుపోగూ వ్యర్థం కాదని తెలిసి రాజు సంతోషించి, మరో ఐదువందల వస్త్రాలు సమర్పించుకున్నాడు.

వినయపిటకంలోని చుల్లవగ్గంలో ఉన్న ఈ కథలో, నేటివారు ‘పర్యావరణ హితమైన వస్త్రధారణ’ అని కొత్తగా పేరు పెట్టిన విషయమంతా ఇమిడి ఉంది. ఆకుపచ్చ చీటీ కట్టిన కొత్త చొక్కా కొనడంతో ఆ ధర్మం నెరవేరదు. కొన్న చొక్కా ఎంతకాలం, ఎన్ని రూపాలలో మనిషికి పనికివస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇంటింటా పునర్జన్మ

ఈ ప్రశ్నకు భారతదేశంలోని సామాన్య గృహిణి ఏ గ్రంథమూ చదవకుండానే సమాధానం చెప్పుకొన్నది. వంగదేశపు స్త్రీలు మెత్తబడిన పాత చీరలను, ధోవతులను పొరలుపొరలుగా పేర్చి, చీర అంచులనుంచి లాగిన రంగు దారాలతోనే కుట్టి ‘కాంథా’ తయారుచేశారు. బీహారులో అది ‘సుజనీ’ అయింది. సింధు, రాజస్థాన్ ఎడారులలో ‘రల్లీ’, మహారాష్ట్రలో ‘గోధడీ’, ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీల చేతిలో ‘కవంది’ అయింది. తెలుగు ఇళ్ళలో దాని పేరు బొంత. పుట్టిన బిడ్డను కొత్త బట్టలో కాక, పెద్దల ఒంటిమీద ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన పాత నూలుబట్టలో చుట్టడం దేశమంతటా ఉన్న ఆచారమే.

తెలుగింటి నేతచీర జీవితచరిత్ర రాస్తే ఆనందుని జాబితాకు తీసిపోదు. తల్లి కట్టిన చీర కూతురికి పరికిణీ అవుతుంది. పరికిణీ చిరిగితే దిండు గలీబు అవుతుంది. నాన్నగారి పాత పంచె ఎండాకాలంలో డాబామీద వడియాలకు పరుపు. ఇంట్లో మందు నూరితే అదే పంచెలో ఒక ముక్క వస్త్రగాలితం పట్టడానికి పనికివస్తుంది. మిగిలిన చింకిగుడ్డ వంటింటిలో మసిగుడ్డగా చేరుతుంది. మరో పీలిక దీపానికి వత్తి అయి వెలిగి, బూడిదై, మట్టిలో కలుస్తుంది.

ఇందులో ఒక సాంకేతిక రహస్యం ఉంది. చీర, పంచె, తువ్వాలు కత్తెర తగలని వస్త్రాలు. గుండీలు, జిప్పులు, ఉక్సులు, అంటించిన పొరలు వాటికి లేవు. ఒకే జాతి నూలుతో నేసినవి గనుక నీటిని పీల్చుకోగలవు, సూది దిగనిస్తాయి, చివరకు నేలలో కుళ్ళి ఎరువు కాగలవు. పొదుపు గుణం ఇల్లాలిలో ఎంత ఉన్నదో బట్టలోనూ అంత ఉన్నది.

గిన్నెకు బట్ట

ఇంట్లో పనికిరానిది బజారులో పనికివస్తుంది. పాత బట్టలు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చే స్త్రీల కేక తెలుగు పట్టణాల వీధులకు కొత్త కాదు. ఉత్తరాదిన ఈ మారకం చాలాభాగం గుజరాత్‌కు చెందిన దేవీపూజక (వాఘ్రీ) కులస్త్రీల చేతులమీదుగా నడిచింది. గిన్నెల బుట్ట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, ఎన్ని చీరలకు ఎంత గిన్నె అన్నది బేరమాడి, మూటలు మోసుకొని వీరు ఢిల్లీలోని రఘువీర్ నగర్ సంతకు చేరేవారు. తెల్లవారుజామున చీకటి విడకముందే మొదలయ్యే ఆ సంతలో చొక్కాలు, చీరలు, పిల్లల గౌనులు వేరుపడతాయి. బాగున్నవి ఉతికి, ఇస్త్రీచేసి, బీదల అంగళ్ళకు వెళతాయి. చిరిగినవి కార్ఖానాలలో యంత్రాలు తుడిచే గుడ్డలవుతాయి. జరీ చీరలను కాల్చి అందులోని లోహాన్ని రాబట్టేవారు సైతం ఉండేవారు.

మధ్యతరగతి ఇంట్లో గిన్నె చేరిందన్న సంతృప్తి ఒక్కటే కనబడుతుంది. ఆ మూట వెనుక ఒక కుటుంబం పూటగడవడం ఉన్నదని తోచదు. చెత్తబుట్టలో పడవలసిన వస్తువుకు విలువ కట్టి, దాన్ని మరో ఒంటిమీదకు చేర్చిన ఈ స్త్రీలకు సంఘంలో దక్కిన గౌరవం మాత్రం బహుస్వల్పం.

పానిపట్టు మిల్లులలో

మూడు యుద్ధాలకు పేరుపడిన పానిపట్టు నేడు ప్రపంచపు చింకిగుడ్డలకు పెద్ద మజిలీ. అమెరికా, ఐరోపా ప్రజలు విడిచిన ఉన్ని కోట్లు, స్వెట్టర్లు కాండ్లా రేవులో దిగి హర్యానాలోని ఈ పట్టణానికి చేరుతాయి. తిరిగి తొడుక్కొనేందుకు వీలులేకుండా కోసిన బట్టలనే పీలికల కింద దిగుమతి చేసుకోవాలని నిబంధన. స్త్రీలు నేలమీద కూర్చుండి, కత్తిపీట వంటి నిలువు కత్తులపై కోట్లను చీలుస్తారు. గుండీలు, జిప్పులు, లోపలి అస్తరు వేరుచేస్తారు. తరువాత రంగులవారీగా కుప్పలు పోస్తారు. ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో కలిస్తే మళ్ళీ రంగు అద్దే పని ఉండదు. రంగు నీరూ మిగులు, రసాయనమూ మిగులు. పళ్ళున్న రోలర్లు ఆ ముక్కలను చీల్చి పీచుచేస్తాయి. ఆ పీచును ఏకి, వడికి, కంబళ్ళు నేస్తారు. భూకంపమో, తుపానో వచ్చినప్పుడు సహాయశిబిరాలలో పంచే చవక కంబళ్ళు ఎన్నో ఇక్కడ పుట్టినవే.

ఈ విద్య ఇంగ్లండులోని బాట్లీ పట్టణంలో 1813లో బెంజమిన్ లా అనే అతడు కనిపెట్టింది. ఆ నూలును ‘షాడీ’ అన్నారు. క్రమంగా ఆ మాటకు ఆంగ్లంలో ‘నాసిరకం’ అన్న అర్థం స్థిరపడింది. చీల్చినప్పుడల్లా పీచు పొట్టిదవుతుంది, బలం తగ్గుతుంది. కనుక ఈ పునర్జన్మ మొదటి జన్మకంటె ఒక మెట్టు దిగువదే. పైగా పీచుధూళి కార్మికుల ఊపిరితిత్తులను పట్టి పీడిస్తుంది. పాత బట్టను పారవేయకుండా కాపాడడం పుణ్యమే అయినా, ఆ పుణ్యానికి ఎవరో ఒకరు దగ్గుతూ మూల్యం చెల్లిస్తున్నారు. ఇటీవలి సంవత్సరాలలో పాలియెస్టరు కంబళ్ళు తేలికగా, నునుపుగా, చవకగా వచ్చి షాడీ కంబళ్ళను వెనక్కు నెట్టాయి.

మసిగుడ్డ కాలేని చొక్కా

టెరిలిన్, టెరికాటన్ గుడ్డలు వచ్చిన కొత్తలో సామాన్యుడు వాటిని వరంగా భావించాడు. అందులో తప్పులేదు. ఇస్త్రీ అక్కరలేదు, త్వరగా ఆరుతుంది, ఏళ్ళతరబడి చిరగదు. చాలీచాలని జీతంతో నలుగురు పిల్లలను బడికి పంపే తండ్రికి ఇంతకంటె కావలసిందేముంది? అయితే ఆ చొక్కా ఒకే జన్మ ఎత్తగలదు. నీరు పీల్చదు గనుక మసిగుడ్డగా పనికిరాదు. నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది గనుక వత్తికి పనికిరాదు. మట్టిలో పాతినా మట్టి కాదు. నూలు, పాలియెస్టరు కలిపి నేసిన గుడ్డలో ఆ రెంటినీ తిరిగి విడదీయడం అతికష్టం.

నేడు ప్రపంచంలో తయారయ్యే వస్త్రపీచులో సగానికి పైగా పాలియెస్టరే. ఉతికినప్పుడల్లా దాని సన్నని నూగు నీటిలో కలిసి కాలువలకు, సముద్రానికి చేరుతుంది. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, 6 కిలోల అక్రిలిక్ బట్టలను యంత్రంలో ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పీచుతునకలు విడుదల కావచ్చు.

అంతమాత్రాన నూలుబట్ట నిర్దోషి అనడానికీ లేదు. ఒక్క నూలు బనియను వెనుక పత్తిచేను మొదలు అద్దకం దాకా సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. 1960 తరువాత పత్తిపొలాలకు నదులను మళ్ళించినందువల్ల మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం చాలావరకు ఎండి, పడవలు ఇసుకలో మిగిలిపోయాయి. కాబట్టి నాలుగుసార్లు తొడిగి పారవేసిన ఖద్దరు చొక్కాకంటె, పదేళ్ళు తొడిగిన టెరికాటన్ చొక్కాయే భూమికి తక్కువ భారం కావచ్చు.

విషయమంతా వాడకంలో ఉన్నది. 2000 నుండి 2015 వరకు ప్రపంచంలో వస్త్రాల ఉత్పత్తి ఇంచుమించు రెట్టింపయింది. అదే కాలంలో ఒక్కొక్క వస్త్రాన్ని తొడిగే పర్యాయాలు సుమారు 36 శాతం తగ్గాయి. ఈ లెక్క 2017లో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ నివేదికలో వెలువడింది. దుస్తులకై వాడిన పీచులో తిరిగి దుస్తులుగా మారేది నూటికి ఒక పాలు కూడా లేదని ఆ నివేదికే చెప్పింది. పారవేసినది ఎలాగూ తిరిగి ఉపయోగపడుతుందిలే అన్న భరోసా ఎంత బోలుదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చవక ఎవరికి?

చవకబట్ట ధర అంగడిలో తగ్గినంత మాత్రాన లోకంలో తగ్గదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పాశ్చాత్య దేశాల అంగళ్ళకు దుస్తులు కుట్టే కార్మికులు. ముందురోజే గోడలు బీటలువారాయి. కింది అంతస్తులలోని బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. కుట్టుపనివారిని మాత్రం మరునాడు పనిలోకి పిలిచారు. సరకు గడువులోగా ఓడ ఎక్కాలి!

దానం పేరుతో వదిలించుకోవడమూ ఇటువంటిదే. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరానికి లారీల కొద్దీ వచ్చిన పాత బట్టలలో ఎన్నో కట్టుకొనేందుకు పనికిరాక బాటల పక్కన గుట్టలుపడ్డాయి. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో స్థాపించిన ‘గూంజ్’ సంస్థ అటువంటి బట్టలను ఏరి, శుభ్రపరచి, పనికివచ్చే రూపాలకు మార్చే బాధ్యత తలకెత్తుకున్నది. మెత్తని పాత నూలుబట్టను బహిష్టు సమయంలో వాడుకొనే మడతలుగా కుట్టి గ్రామీణ స్త్రీలకు చేర్చింది. ఊరివారు తమకు కావలసిన బావో, బాటో తామే శ్రమించి నిర్మించుకుంటే, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలిచ్చే పద్ధతిని నెలకొల్పింది. తీసుకొనేవాని ఆత్మగౌరవం కూడా బట్టలాగే చిరగకుండా చూడవలసిన వస్తువన్నది ఆ పద్ధతిలోని ఆంతర్యం. గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం లభించింది.

పాటించదగినవి

ఇంతటి మహాసమస్యలో ఒక ఇంటి పెట్టె ఏపాటిదని నిరుత్సాహపడనక్కరలేదు. ఒక వస్త్రాన్ని మరో తొమ్మిది నెలలు అదనంగా వాడితే, దాని మూలంగా నీటిపై, గాలిపై పడే భారం, మిగిలే వ్యర్థం 20 నుండి 30 శాతం వరకు తగ్గుతాయని బ్రిటన్‌కు చెందిన ‘ర్యాప్’ సంస్థ లెక్కగట్టింది. ఆ తొమ్మిది నెలలు సంపాదించడం కష్టమేమీ కాదు.

కొనేటప్పుడు ధరను తొడిగే పర్యాయాలతో భాగించి చూడాలి. 300 రూపాయల చొక్కా ఆరుసార్లకే వెలిసిపోతే పూటకు 50 రూపాయలు పడినట్టు. 1,200 రూపాయల నేతచొక్కా నూరుసార్లు నిలిస్తే పూటకు 12 రూపాయలే. లోపలి చీటీమీద పీచు వివరం చదవాలి. ఒకే పీచుతో నేసినదైతే తరువాతి జన్మలకు దారి తెరచి ఉంటుంది. పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు లోపల మడత ఉంచమని దర్జీకి చెప్పే పూర్వపు అలవాటు రెండేళ్ళ ఆయుర్దాయం పోస్తుంది.

ఉతకడంలోనూ వివేకం కావాలి. ఒకపూట తొడిగిన ప్రతిదీ మురికిబట్ట కాదు. గాలికి ఆరవేస్తే చాలినవి కొన్ని ఉంటాయి. రంగుబట్టలను తిరగవేసి, చన్నీటిలో ఉతికి, నీడలో ఆరవేస్తే రంగు నిలుస్తుంది. పట్టుకు కుంకుడురసం మృదువైనది. పెట్టెలో ఎండిన వేపాకు వేయడం అమ్మమ్మలనాటి నుండి ఉన్నదే. ఏటా ఒకసారి పట్టుచీరల మడతలు మార్చకపోతే మడత వెంబడే చీర చీలుతుంది.

అన్నిటికంటె ముఖ్యం, చిన్న చిరుగును పెద్దది కానీయకపోవడం. ఊడిన గుండీ, జారిన కుట్టు, నిప్పురవ్వ చేసిన చిల్లు ఇవి బట్టకు చావులు కావు. శాలువలకు రఫూ చేయడంలో కాశ్మీరు, ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ పనివారు పేరుపొందారు. చిల్లు ఉన్నచోటు వెతికినా కనబడనంత నేర్పు వారిది. అంతటివారు దొరకకపోయినా, వీధిమూల చెట్టుకింద మిషను వేసుకొని కూర్చున్న దర్జీ ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. చిరుగు కుట్టించినందుకు బేరమాడక అడిగిన కూలి ఇవ్వడం కూడా పర్యావరణ రక్షణలో భాగమే. ఆ కూలి గిట్టక అతడు మిషను అమ్ముకొని వెళ్ళిపోయిన నాడు, చిరిగిన చొక్కాకు చెత్తకుప్ప తప్ప వేరు దిక్కు ఉండదు.