బాగుచేసినా ముప్ఫయ్యే, పాడుపెట్టినా ముప్ఫయ్యే

అద్దెకిచ్చిన ఇంటికి ఐదు లక్షలు పెట్టి వైరింగ్ మార్పించి, బాత్రూములు కొత్తగా కట్టించిన యజమాని ఒకరు. పదేళ్లుగా సున్నం కూడా వేయించని యజమాని మరొకరు. ఆదాయపు పన్ను చట్టం ఇద్దరికీ ఇచ్చేది ఒకే మినహాయింపు: అద్దెలోంచి కట్టిన ఇంటిపన్ను తీసేయగా మిగిలినదాంట్లో 30 శాతం. నెలకు 20 వేల అద్దె, ఏడాదికి 6 వేల ఇంటిపన్ను అనుకుంటే తగ్గేది 70,200 రూపాయలు. పన్ను లెక్కలోకి వచ్చేది 1,63,800. మేస్త్రీకి ఇచ్చిన డబ్బు ఇందులో ఎక్కడా కనబడదు.

ఈ పద్ధతిని ఊరికే తిట్టలేం. మరమ్మతులకు, బీమాకు విడివిడిగా ఉన్న మినహాయింపులను 2001 ఆర్థిక చట్టం కలిపేసి 30 శాతం చేసింది. రశీదులు దాచక్కర్లేదు. అమెరికాలో మరమ్మతయితే ఆ ఏడాదే తగ్గించుకోవచ్చు, ఇంటి విలువ పెంచే పనయితే ఇరవై ఏడున్నర ఏళ్లకు పంచుకోవాలి. ఏది ఏదన్నది ఎడతెగని తగాదా. ఆ బాధ మనకు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టమూ ఈ 30 శాతాన్ని ముట్టుకోలేదు.

నాకు మింగుడుపడనిది అప్పు సంగతి. అదే ఐదు లక్షలు పది శాతం వడ్డీకి తెస్తే, అద్దె ఇల్లు కనుక ఆ ఏడాది వడ్డీ 50 వేలు అదనంగా తగ్గుతుంది. దాచుకున్న సొమ్ము పెట్టినవాడికి రూపాయి తగ్గదు. వ్యాపార ఆదాయంగా చూపి అసలు ఖర్చులు రాసుకునే దొడ్డిదారి ఒకటుండేది. ఇంటి అద్దెల విషయంలో దాన్ని 2024లో మూసేశారు. మూసింది సబబే, కానీ ముందు తలుపు తెరవలేదు.

అమ్మేటప్పుడు చూసుకుందామంటే, అదనపు గది కట్టిన ఖర్చు కొన్న ధరకు కలుస్తుంది, రంగులు వేయించిన ఖర్చు కలవదు. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద మామూలు పన్ను రేటు 12.5 శాతం; ధరల పెరుగుదల సర్దుబాటు లేదు. అంతకుముందు కొన్న ఇళ్లకు సర్దుబాటుతో 20 శాతం లెక్క ఎంచుకోవచ్చు, అదీ దేశంలో నివసించే వ్యక్తులు, ఉమ్మడి కుటుంబాలకే. హైదరాబాద్‌లో ఫ్లాటు కొనిపెట్టుకుని డాలస్‌లో ఉంటున్నవారికి ఆ వీలు లేదు.

30 శాతాన్ని అలాగే ఉంచి, కావాలన్నవారికి జీఎస్టీ బిల్లు, బ్యాంకు చెల్లింపు ఉన్న ఖర్చును దాని బదులు ఐదేళ్లకు పంచి చూపుకునే వీలివ్వాలి. ఖజానాకు కొంత తగ్గుతుంది, నిజమే. అయితే నోటిమాట మీద నడిచే టైల్స్, ప్లంబింగ్ పనులకు బిల్లు అడిగే అవసరం పుడుతుంది. ఒకసారి ఎంచుకున్నవారిని ఐదేళ్లూ అందులోనే ఉంచాలి. లేకపోతే ఖర్చున్న ఏడాది బిల్లులు, లేని ఏడాది 30 శాతం అంటూ రెండువైపులా లాగుతారు.