ఇంటి వీడియోకు ఏ కెమెరా?

ఇంటి కోసం వీడియో కెమెరా కొనదలచినవారు దుకాణానికి వెళ్ళే ముందు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. ఈ కెమెరాతో తీసినదాన్ని ఎవరు చూస్తారు? ఎప్పుడు చూస్తారు? పెళ్ళయిన మర్నాడు చుట్టాలందరూ ఒకచోట చేరి చూసుకునే సంబరం ఒకటి. ముప్ఫయి ఏళ్ళ తరువాత, తన ముత్తవ్వ ఎలా మాట్లాడేదో తెలుసుకోవాలని ఒక పిల్ల వెతుక్కోవడం మరొకటి. మొదటి అవసరానికి ఏ కెమెరా అయినా సరిపోతుంది. రెండవ అవసరానికే ఎంపిక కావాలి. ఈ వ్యాసం ఆ రెండవ ప్రేక్షకురాలిని దృష్టిలో ఉంచుకొని వ్రాసినది.

కెమెరానూ రికార్డరునూ ఒకే పెట్టెలో ఇమిడ్చిన యంత్రం గృహస్థులకు మొదట అందుబాటులోకి వచ్చింది 1983 లో. సోనీ సంస్థ తయారుచేసిన ఆ బీటామూవీ సుమారు రెండున్నర కిలోల బరువుండేది. దృశ్యాన్ని తీయడమే గాని తిరిగి చూపడం దానికి చేతకాదు. అందుకు ఇంట్లో వేరే బీటామాక్స్ యంత్రం ఉండాలి. 1984 లో జె.వి.సి. సంస్థ చిన్న వి.హెచ్.ఎస్. కాసెట్‌తో పనిచేసే కెమెరాను తెచ్చింది. 1985 లో సోనీ ఎనిమిది మిల్లీమీటర్ల టేపుకు మారింది. 1989 నాటికి ఆ టేపుతో పనిచేసే కెమెరా బరువు 790 గ్రాములకు దిగింది. 1995 లో దృశ్యాన్ని అంకెలుగా మార్చి టేపు మీద వ్రాసే డి.వి. పద్ధతి వచ్చింది. 2006 లో సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి ఎ.వి.సి.హెచ్.డి. పద్ధతిని ప్రకటించాక, టేపుల స్థానాన్ని క్రమంగా మెమరీ కార్డులు ఆక్రమించాయి.

ఈ చరిత్రలో కొనుగోలుదారుకు ఒక హెచ్చరిక ఉన్నది. ఇరవై మూడేళ్ళలో ఇన్ని పద్ధతులు పుట్టాయి. చాలావరకు ఒకదాని టేపు మరొకదానిలో నడవదు. బీటామాక్స్ కాసెట్ల తయారీని సోనీ 2016 మార్చిలో మానుకున్నది. అదే ఏడాది జూలైలో జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ వి.సి.ఆర్.ల తయారీని ఆపివేసింది. టేపులలో ఉన్నదాన్ని 2025 లోగా అంకెల రూపంలోకి మార్చుకోకపోతే చాలావరకు దక్కకపోవచ్చునని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015 లోనే హెచ్చరించింది. అంటే, టేపు బీరువాలో భద్రంగానే ఉండవచ్చు. దాన్ని చదివే యంత్రం మాత్రం ఊళ్ళో ఉండకపోవచ్చు.

మన ఇళ్ళలో ఈ ఇబ్బంది మరొక రూపంలో కూడా ఎదురైంది. అమెరికాలో స్థిరపడిన పిల్లలు అక్కడ కొన్న కెమెరాతో తీసి పంపిన కాసెట్లు ఇక్కడి వి.సి.ఆర్.లో సరిగా ఆడేవి కావు. అక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో చిత్రానికి 525 గీతలు, సెకనుకు దాదాపు 30 చిత్రాలు. మన పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. రెండు పద్ధతులనూ చదవగల యంత్రం లేని ఇంట్లో మనుమడి మొదటి పుట్టినరోజు రంగులు కోల్పోయి, తెర మీద దొర్లిపోతూ కనిపించేది. నేటి వీడియో ఫైళ్ళకు ఆ గొడవ లేదు. దాని నీడ మాత్రం ఒకటి మిగిలి ఉన్నది; ఆ సంగతి తరువాత చెప్పుకుందాం.

ఇక ఎంపిక విషయం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన అంకెలను కాసేపు పక్కన పెట్టండి. మొదట శబ్దం చూడండి, తరువాత వెలుతురు, ఆ పైన లెన్సు, చివరకు నిల్వ. దుకాణంలో అమ్మేవారు సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేసి చెబుతారు.

శబ్దానికి మొదటి స్థానం ఎందుకంటే, మనిషి ముఖాన్ని ఫొటో కూడా దాచి ఉంచుతుంది, గొంతును దాచలేదు. అనువాదం వృత్తిగా ఉన్నవారికి ఇది రోజూ ఎదురయ్యే సంగతి. మాట అర్థాన్ని మరొక భాషలోకి తేవచ్చు. ఆ మాటను సాగదీసిన తీరు, మధ్యలో ఆగిన తీరు తేలేము. శ్రీకాకుళం ముసలమ్మ 'ఏటి' అన్నా, కరీంనగరు పెద్దాయన 'గట్లనే' అన్నా అక్షరాలు కాగితం మీదికి వస్తాయి, ఆ రాగం రాదు. అవ్వకు వచ్చిన మంగళహారతిని నోటుపుస్తకంలో ఎక్కించుకోవచ్చు. వరస మాత్రం ఆమెతోనే పోతుంది. దాన్ని నిలిపి ఉంచగలది ఈ యంత్రమే.

కావున కెమెరాకు విడి మైకు తగిలించుకునే రంధ్రం ఉన్నదా లేదా మొదట చూడండి. రికార్డవుతున్నది చెవితో వినడానికి హెడ్‌ఫోను రంధ్రం కూడా ఉంటే మరీ మంచిది. దూరం రెట్టింపైతే మైకును చేరే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల గది చివర నిలబడ్డ ఖరీదైన కెమెరా కన్నా, మాట్లాడేవారి జాకెట్టుకో చొక్కాకో గుచ్చిన చవక మైకు మేలు. శబ్దం స్థాయిని చేత్తో సరిచేసుకునే వీలు ఉండాలి. తనంత తాను సర్దుకునే కెమెరా, గట్టిమేళం మోగగానే శబ్దాన్ని అణచివేస్తుంది. మేళం ఆగిన తరువాత పురోహితుని మంత్రం కొన్ని క్షణాలపాటు వినబడదు. ఇంట్లో పెద్దలను మాట్లాడించేటప్పుడు పంకా ఆపించండి. మన చెవి పంకా రొదను మరిచిపోతుంది, మైకు మరువదు.

రెండవది వెలుతురు. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళ, తెల్లవారుజామున వస్తాయి. మన ఇళ్ళలో మాటలు సాగేది సాయంత్రం ట్యూబులైటు కింద. చీకటిలో పనితనం చూపేది లెన్సు వెనుక ఉండే సెన్సారు పరిమాణం. 'ఒక అంగుళం' అని పిలిచే సెన్సారు నిజానికి అంగుళం ఉండదు, 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అయినా చవక కెమెరాలలోని చిన్న సెన్సారు కన్నా దాని వైశాల్యం నాలుగైదు రెట్లు ఎక్కువ. 'ఇన్ని లక్సుల వెలుతురులోనైనా తీస్తుంది' అన్న ప్రకటనను బట్టి నిర్ణయించుకోవద్దు. అందరూ ఒకే విధంగా కొలవరు. దుకాణంలోనే కౌంటరు కింది చీకటిలో చేయి పెట్టి తీసి చూస్తే నిజం తెలిసిపోతుంది.

ఇందాక చెప్పిన నీడ ఇక్కడ ఎదురవుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, అమెరికాది 60. మన ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలుగును పెంచి తగ్గిస్తుంది. కంటికి అది తెలియదు. అమెరికా నుంచి తెచ్చిన కెమెరాను సెకనులో 60 వ వంతు షట్టరు మీద ఉంచి ఇక్కడ తీస్తే, గోడల మీద వెలుతురు కొట్టుకుంటూ కనిపించవచ్చు. షట్టరును 50 వ వంతుకో 100 వ వంతుకో మార్చుకుంటే పోతుంది. అలా మార్చుకునే వీలు ఉన్నదో లేదో కొనేముందే అడగాలి.

మూడవది లెన్సు. దూరాన్ని దగ్గర చేసే జూము రెండు రకాలు. లెన్సులోని గాజుబిళ్ళలు కదిలి దగ్గర చేసేది అసలైనది. డిజిటల్ జూము అనేది తీసిన చిత్రంలో నడిమి ముక్కను సాగదీయడం మాత్రమే. ముతక గుడ్డను సాగదీస్తే పోగులు కనబడినట్లే అవుతుంది. పెట్టె మీద వందల్లో కనిపించే అంకె ఈ రెండవ రకానిది. దాన్ని వదిలి 'ఆప్టికల్' అన్న మాట పక్కనున్న అంకెను చదవండి. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు లెన్సులోనే ఉంటే మంచిది. ఏ ఏర్పాటూ మూడుకాళ్ళ స్టాండుకు సాటిరాదు.

ఇక్కడ న్యాయమైన సందేహం ఒకటి వస్తుంది. చేతిలో ఫోను ఉండగా విడిగా కెమెరా ఎందుకు? చాలా ఇళ్ళకు అక్కరలేదు. ఇది నిస్సంకోచంగా చెప్పవలసిన మాట. కొత్త ఫోను పగటి వెలుతురులో చక్కగా తీస్తుంది, ఎప్పుడూ దగ్గర ఉంటుంది. కెమెరా అవసరం వచ్చేది మూడు సందర్భాలలో: పదిహేనో వరుసలో కూర్చుని అమ్మాయి కూచిపూడి ప్రదర్శనను దగ్గరగా తీయాలన్నప్పుడు, రెండు గంటల హరికథను ఆపకుండా తీయాలన్నప్పుడు, మైకు తగిలించి శబ్దాన్ని అదుపులో ఉంచుకోవాలన్నప్పుడు. కరెంటు తీగ తగిలించి గంటల తరబడి నడిపే వీలు ఇటువంటి కెమెరాకు ఉంటుంది. ఫోను వేడెక్కి ఆగిపోవచ్చు, నడుమ ఎవరో పిలవవచ్చు. వాడిన కెమెరాను కొంటే మాత్రం దానికి పట్టే బ్యాటరీ నేటికీ దొరుకుతున్నదో లేదో ముందు కనుక్కోండి. లెన్సును వెలుతురుకు ఎత్తి చూడండి. లోపల సాలెగూడు వంటి బూజు కనిపిస్తే వదిలివేయండి.

చివరిది నిల్వ. సెకనుకు 24 మెగాబిట్ల వేగంతో తీసిన వీడియో గంటకు దాదాపు 11 గిగాబైట్లు అవుతుంది. 4కె చిత్రాన్ని 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డులో మొదటిది ఐదు గంటలకు పైగా పడుతుంది, రెండవది గంటన్నర కూడా పట్టదు. దాచలేనంత పెద్ద చిత్రం తీయడం కన్నా, దాచగలిగినంత చిత్రాన్ని మంచి శబ్దంతో తీయడం గృహస్థుకు లాభం. కార్డును నిల్వపెట్టెగా భావించవద్దు. రెండు వేరు వేరు డిస్కుల మీదికి ఎక్కించండి. మూడవ ప్రతిని మరో ఊళ్ళో ఉన్న అక్కగారింట్లోనో అన్నగారింట్లోనో ఉంచండి. కొన్నేళ్ళకొకసారి కొత్త డిస్కుకు మార్చండి. ప్రతి ఫైలు పేరులోనూ తేదీ, ఊరు, మాట్లాడినవారి పేరు ఉండాలి. పేరులేని వెయ్యి ఫైళ్ళలో అవ్వ గొంతు ఎక్కడున్నదో ముప్ఫయి ఏళ్ళ తరువాత ఎవరూ వెతకలేరు.

బీరువాలో పాత టేపులు ఉన్నవారు కొత్త కెమెరా ఖర్చులో కొంత వాటికి కేటాయించడం న్యాయం. సముద్రతీరపు జిల్లాల ఉక్కలో టేపుకు బూజు పడుతుంది. తెల్లని మచ్చలున్న టేపును యంత్రంలో పెట్టి చూడవద్దు. టేపు తెగవచ్చు, యంత్రానికి అంటిన బూజు తరువాతి టేపుకూ పాకుతుంది. ముందు శుభ్రం చేయించాలి. వి.హెచ్.ఎస్. టేపును మరో టేపు మీదికి ఎక్కించిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది కాబట్టి, పెళ్ళివారికి పంచిన నకలు కాక మొదటి టేపునే వెతికి మార్పించుకోండి. డి.వి. టేపులలోని అంకెలను నష్టం లేకుండా కంప్యూటరుకు ఎక్కించవచ్చు. అయితే అందుకు కావలసిన ఫైర్‌వైర్ రంధ్రం కొత్త కంప్యూటర్లలో ఉండటం లేదు. అది ఉన్న పాత కంప్యూటరు ఎవరి ఇంట్లోనైనా పనిచేస్తుంటే, ఈ పనికి అదే అదను.

ఏ కెమెరా కొనాలో తేల్చుకోవడానికి నెల పట్టవచ్చు. ఆ నెలలో ఒక ఆదివారం, ఇంట్లో అందరికన్నా పెద్దవారిని కిటికీకి ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేటట్లు కూర్చోబెట్టి, పంకా ఆపి, ఉన్న ఫోనునే దగ్గరగా పెట్టండి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాడు ఆడిన ఆట, పెళ్ళికి వచ్చిన బండ్ల సంఖ్య, ఇప్పటికీ గుర్తున్న ఒక పాట అడగండి. జవాబు మధ్యలో అందుకోకుండా ఊరుకోండి. ఆ అరగంటను మర్నాడు ఇంట్లో అందరూ కలిసి వినండి. ఏ మాట సరిగా వినబడలేదో, ఎక్కడ ముఖం చీకటిలో పడిందో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ లోపాల జాబితాతో దుకాణానికి వెళ్ళండి. ఏ కెమెరా కావాలో మీరే చెప్పగలుగుతారు.