బయాలజీ తీసుకున్నా లెక్కలు వదలొద్దు

పదో తరగతి కాగానే కొందరు పిల్లలు సంబరంగా చెబుతారు: "బయాలజీ తీసుకుంటున్నాం టీచర్, ఇక లెక్కల బాధ లేదు!" తెలుగు చెప్పేవాళ్ళం, మాకెందుకనుకోకండి. ఆ సంబరం మాకు నచ్చదు.

ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర 1848లో ఒక నల్లని చిమ్మట కనిపించింది. అంతవరకు ఆ జాతివి లేత రంగులోనే ఉండేవి. యాభై ఏళ్ళలో అక్కడ దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. ఫ్యాక్టరీల మసికి చెట్లు నల్లబడి, లేతవి పక్షుల కంటపడ్డాయని మీరూ చెప్పగలరు. మరి ఎంత తేడా? 1924లో జె.బి.ఎస్. హాల్డేన్ కాగితం మీదే లెక్కకట్టారు: లేతవి రెండు మిగిలేచోట నల్లవి మూడు మిగలాలి, లేకపోతే మార్పు ఇంత త్వరగా రాదు. పక్షులు తినడాన్ని అడవిలో ప్రయోగం చేసి చూసింది 1950లలో!

ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశారు. కలకత్తా, తర్వాత భువనేశ్వర్, మన బదిలీల్లాగే. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, సీతాకోకచిలుకలు లాంటానాలో ఏ రంగు పూలమీద వాలుతున్నాయో లెక్కపెట్టారు. 1964లో హాల్డేన్ మరణించాక, ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

మీ క్వార్టర్స్ వెనక గోరింకలున్నాయా? ఈ ఏటి సంఖ్యకు పుట్టినవీ వచ్చినవీ కలిపి, చనిపోయినవీ వెళ్ళిపోయినవీ తీసేస్తే వచ్చే ఏటిది వస్తుంది. 'వచ్చినవి', 'వెళ్ళిపోయినవి' అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? ప్రతి ఏప్రిల్‌లో మన హాజరుపట్టీ చూస్తే చాలు. ఒక నోటుబుక్కు పెట్టి నెలకోసారి లెక్కపెట్టండి. మధ్యలో బదిలీ వస్తే, ఆ ఇంట్లోకి వచ్చే పిల్లలకు ఇచ్చి వెళ్ళండి.