వెలకట్టువారి వేతనము

విశాఖపట్టణమున ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని పని వెదకుకొను యువకులకు నేడు ఒక వృత్తి యెదుట నిలుచుచున్నది. భూములకును, కట్టడములకును, యంత్రములకును, కంపెనీల వాటాలకును వెలకట్టు వృత్తి యిది. ఈ వృత్తికి భవిష్యత్తు గలదా యని ప్రశ్నించువారికి గలదనియే మా సమాధానము. అయితే ఆ భవిష్యత్తు ఆ యువకులకు మాత్రమే సంబంధించినది కాదు. భూవసతి గలవారికిని, బ్యాంకులలో సొమ్ము దాచుకొన్న పట్టణవాసులకును అది యంతకంటె నెక్కువగా సంబంధించినది.

పూర్వము సంపద పన్ను నిమిత్తము ప్రభుత్వము వాల్యుయర్లను నమోదు చేయుచుండెను. ఆ పన్ను 2015లో రద్దయ్యెను. దానితో వీరి పని తగ్గవలసినది, కాని పెరిగినది. 2013 నాటి కంపెనీల చట్టమును, 2017 నాటి నిబంధనలును ఈ వృత్తికి క్రొత్త రూపము నిచ్చినవి. 2016 నాటి దివాలా చట్టము క్రింద, కూలిన కంపెనీ యాస్తులకు సామాన్యముగా ఇద్దరు వాల్యుయర్లు వేరువేరుగా వెలకట్టవలెను. బాకీ తీరని తాకట్టు ఆస్తిని 2002 నాటి చట్టము ననుసరించి బ్యాంకు వేలము వేయుటకు ముందును వీరి నివేదిక కావలెను. ఓడరేవును, కర్మాగారములును, నానాటికి పెరుగు ఇండ్లస్థలములును గల విశాఖలో ఇట్టి పనికి కొదువ యుండదు.

కాని పట్టము చేతికి వచ్చిన మరునాడే ఈ వృత్తిలో చేరుటకు వీలులేదు. పట్టభద్రునకు అయిదేండ్ల యనుభవము కావలెను. 50 గంటల శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, దివాలా బోర్డులో పేరు నమోదు చేయించుకొనవలెను. అటుపిమ్మటను స్వతంత్రముగా పనిచేయువానికి నెలజీతము లేదు. నివేదికకు రుసుము మాత్రమే గలదు. ఇక్కడనే చిక్కు గలదు.

ఆస్తివిలువపై శాతము చొప్పున రుసుము నిచ్చినచో, వెల పెరిగినకొలది వానికి లాభము. అట్లుగాక బ్యాంకు ఒక స్వల్ప మొత్తమును నిర్ణయించినచో, స్థలమును సరిగా చూడకయే నివేదిక వ్రాయుటకు ప్రేరణ కలుగును. పైగా ఆ రుసుమును ఋణము కోరువాడే భరించుట పెక్కుచోట్ల వాడుక. కోరినవారికి అనుకూలముగా వెల కట్టరాదని వాల్యుయర్ల నియమావళి స్పష్టముగా నిషేధించుచున్నది. నియమము ఒకవైపు లాగుచుండ, కూలి మరియొకవైపు లాగుచున్నది. ఈ రెంటి నడుమ నలుగువాడు నిజాయితీపరుడైన యువకుడు. తుదకు నష్టపడువారు బ్యాంకులో సొమ్ము దాచుకొన్న సామాన్యులు.

తప్పుడు వెల యెంత చేటు తెచ్చునో విశాఖకు వేరుగా చెప్పనక్కరలేదు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునకై పల్లెలు ఖాళీయైనవి. 2021 జనవరిలో దానిని ప్రైవేటు పరము చేయుటకు కేంద్రము సంకల్పించినపుడు, ఆ వేలాది యెకరముల నేటి విలువ యెంత యను ప్రశ్న ఇంటింటను వినబడినది. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటించినది. అయినను ఆ ప్రశ్న నేర్పిన పాఠమును మరువరాదు. ప్రజలు త్యాగము చేసిన భూమికి వెలకట్టు చేయి ఎవరి ప్రాపునను ఉండరాదు.

మనవారి తప్పును గూడ చెప్పవలెను. స్టాంపు సుంకము మిగుల్చుకొనుటకు క్రయపత్రములో తక్కువ వెల వ్రాయించుట చిరకాలపు అలవాటు. 2013 నాటి భూసేకరణ చట్టము సైతము నష్టపరిహారమును లెక్కించుటలో ఇరుగుపొరుగు భూముల క్రయపత్రములను చూచును. నేడు సుంకములో మిగిలిన రూపాయి రేపు పరిహారములో పొరుగువాని నోటికాడి కూడును తీసివేయును. దొంగలెక్క వ్రాయించినవారు వాల్యుయరును మాత్రము సత్యసంధుడుగా నుండుమనుట న్యాయము కాదు.

కావున మేము కోరునది యిది. రుసుము వెలను బట్టిగాక పడిన శ్రమను బట్టి నిర్ణయింపబడవలెను. దానిని బ్యాంకు భరించి, నమోదైన వారికి వంతుల ప్రకారము పని నప్పగింపవలెను. నివేదిక ప్రతిని ఆస్తిగలవానికి తప్పక ఇయ్యవలెను. అనుభవము గడించు ఆ అయిదేండ్లును యువకునకు కడుపునిండు జీతము దొరకవలెను. ఆకలితో నేర్చిన విద్య అమ్ముడుపోవుట కాశ్చర్యము లేదు. చదువరులును, వాల్యుయరు గుమ్మము త్రొక్కినపుడు, ఇంత వెల కావలెనని యడుగక, నిజమైన వెల యెంతయని యడుగుదురు గాక! ఆ ప్రశ్న యడుగువారు పెరిగిననాడే ఈ వృత్తికి గౌరవమును, దానితోపాటు తగిన వేతనమును లభించును.