చవక అచ్చు, ఖరీదైన పేరు

వెనిస్‌లో 1501లో ఒత్తావియానో పెత్రూచ్చి ‘ఓధెకటోన్’ వెలువరించాడు. ఒక్కో గొంతు ఒక్కో వరసలో, అన్నీ ఏకకాలంలో పాడే సంగీతాన్ని విడి టైపులు కూర్చి అచ్చువేసిన తొలి పుస్తకం అదే. పేరులో వంద పాటలన్నాడు, లోపల ఉన్నవి 96. ఒకే కాగితాన్ని మొదట్లో మూడుసార్లు అచ్చొత్తేవాడు: ముందు అయిదేసి గీతలు, ఆపైన స్వరచిహ్నాలు, విడిగా మాటలు. కాగితం వెంట్రుకవాసి జరిగినా గీత మీద ఉండాల్సిన స్వరం పక్క సందులోకి జారి రాగవరసే మారిపోతుంది. అయినా ఆయన పుటల్లో స్వరాలు ముత్యాల్లా కుదురుగా ఉంటాయి.

అంత పనితనమంటే ఖర్చూ అంతే. 1520తో ఆయన సంగీత ముద్రణ ఆగిపోయింది. 1528లో పారిస్‌లో పియేర్ అతెన్యాన్ వేరే దారి పట్టాడు. ప్రతి టైపులోనూ స్వరచిహ్నంతో పాటు దాని వెనక గీతల ముక్క కూడా పోతపోసి ఉంటుంది. వాటిని పక్కపక్కన పేర్చి ఒక్కసారి ఒత్తితే పుట సిద్ధం. అతుకుల దగ్గర గీతలు తెగినట్టు కనిపిస్తాయి, కంటికి ఇంపుగా ఉండవు. కానీ శ్రమ తగ్గింది, ధర దిగింది. వెనిస్‌లో స్కోత్తో, గార్దానో, ఆంట్‌వెర్ప్‌లో సూసాతో అనే ముద్రాపకులు ఇదే పద్ధతిలో వ్యాపారం సాగించారు. స్వరకర్త ఆర్కడెల్ట్ మాడ్రిగల్స్ (పలు గొంతుల లౌకిక గీతాలు) మొదటి సంపుటి, 1539 నాటిది, నూరేళ్లు దాటినా మళ్లీ మళ్లీ అచ్చవుతూనే వచ్చింది.

నాలుగు గొంతుల పాటకు సాధారణంగా నాలుగు చిన్న పుస్తకాలు. ఎవరి పుస్తకంలో వారి వరసే ఉంటుంది. నలుగురూ కూడితే తప్ప పాట వినబడదు. ఆస్థానాల్లో, ప్రార్థనాలయాల్లో జీతానికి పాడేవాళ్ల సొత్తుగా ఉన్న విద్య ఈ పుస్తకాలతో కలిగినవాళ్ల ఇళ్లలోకీ వచ్చింది. నాలుగింటిలో ఒకటి పోయి, ఈనాటికీ అసంపూర్ణంగా మిగిలిన రచనలున్నాయి.

అచ్చు కొత్తగా అమ్మకానికి పెట్టిన సరుకు మరొకటుంది: స్వరకర్త పేరు. 1502లో పెత్రూచ్చి జోస్కాన్ దె ప్రే స్వరపరచిన మాస్‌లను (చర్చి ఆరాధన సంగీతాన్ని) ఒక సంపుటిగా తెచ్చాడు. అచ్చులో ఒకే స్వరకర్తకు కేటాయించిన తొలి సంగీత పుస్తకమది. 1521లో జోస్కాన్ పోయాడు, గిరాకీ పోలేదు. జర్మన్ ప్రచురణల్లో ఆయనవి కాని మోటెట్‌లు (పలు గొంతుల భక్తిగీతాలు) కూడా ఆయన పేరుతోనే వచ్చాయి. బతికున్ననాటి కన్నా పోయాకే ఎక్కువ రాస్తున్నాడన్న ఎత్తిపొడుపు 1540 నాటికే అచ్చులోకెక్కింది. ఏవి ఆయనవో, ఏవి కావో తేల్చే పని పండితులకు ఇప్పటికీ తెమలలేదు.

అందం కొంత వదులుకుని పదిమందికీ అందేలా చేసిన అతెన్యాన్‌ది సరైన బేరమేనని మా అభిప్రాయం. గీత తెగితే పాడేవాడి కన్నే అతికించుకుంటుంది. తప్పుడు పేరును సరిదిద్దడానికి మాత్రం దాదాపు అయిదు వందల ఏళ్లూ చాలలేదు. పత్రికలు నడిపేవాళ్లం, పుస్తకాలు వేసేవాళ్లం కాగితం దగ్గర, బైండింగు దగ్గర ఎంతైనా పొదుపు చేయవచ్చు. ఈ రచన ఎవరిదని ఆరా తీసే చోట పొదుపు చేస్తే ఆ బాకీ తీర్చాల్సింది మన తర్వాతివాళ్లు.